పాత డెస్క్‌టాప్‌కి ఏ హైపర్‌వైజర్ మేలు?

శ్రీకాకుళంలో మా ఇంటి మెట్ల కింద పాత డెస్క్‌టాప్ ఒకటి రాత్రీ పగలూ నడుస్తూ ఉంటుంది. ఐ5-8400 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, బోర్డు మీదే రియల్‌టెక్ నెట్‌వర్క్ చిప్. దాన్ని సర్వర్ అనాలంటే నాకే నవ్వొస్తుంది. కానీ ప్రకటనలు ఆపే డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లని అడ్రసులుగా మార్చేది), ఫోటోల బ్యాకప్, నేను పని నేర్చుకునే లినక్స్ మెషీన్, మూడూ అందులోనే ఉన్నాయి. ఒకే కంప్యూటర్‌లో ఇలా వేర్వేరు వర్చువల్ మెషీన్లని నడిపించే సాఫ్ట్‌వేరే హైపర్‌వైజర్. విజయనగరంలో ఉండే మా చిన్నాన్న కొడుకు తానూ ఇలాంటిదొకటి పెట్టుకుంటానని, ఏ హైపర్‌వైజర్ వెయ్యమంటావని అడిగాడు.

ఆఫీసులో వీఎంవేర్ మీద పనిచేసేవాళ్ల మనసు ముందు ఆ కంపెనీ హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐ మీదికే పోతుంది. 2024 ఫిబ్రవరిలో దాని ఉచిత వెర్షన్ ఆపేశారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చారు. కాబట్టి డబ్బు సమస్య కాదు, చిక్కంతా హార్డ్‌వేర్‌తోనే. అది సర్వర్ల కోసం పుట్టింది. ఒకప్పుడు జనం రియల్‌టెక్ డ్రైవర్‌ని ఐఎస్ఓలో (ఇన్‌స్టాల్ చేసే ఫైలులో) కలిపేసి ఎలాగో నడిపించుకునేవారు. 2020లో వచ్చిన 7.0 వెర్షన్‌తో పాత లినక్స్ డ్రైవర్లకి తలుపు మూసేశారు. మామూలు రియల్‌టెక్ బోర్డులో ఇన్‌స్టాలర్ నెట్‌వర్క్ అడాప్టర్ లేదని ఆగిపోతుంది, ఇంటెల్ నెట్‌వర్క్ కార్డు పెట్టుకోవడం తేలిక దారి. మావాడిది 12వ తరం ఐ7. అందులో పెద్ద కోర్లు, చిన్న కోర్లు రెండు రకాలుంటాయి. ఈఎస్ఎక్స్ఐకి అన్ని కోర్లూ ఒకేలా ఉండాలి, లేకపోతే బూట్‌లోనే ఊదారంగు తెర వచ్చి ఆగిపోతుంది. "అంటే ఏటన్నియ్యా, పాడైపోద్దా?" అన్నాడు. పాడవదు, బూట్ ఆప్షన్ ఒకటి మార్చి దాటించొచ్చు. కానీ ఇంట్లో పెట్టుకునే దానికి ఇన్ని తిప్పలెందుకు? ఉద్యోగం కోసం అదే నేర్చుకోవాలంటే తప్ప నేను దాని జోలికి పోను.

మైక్రోసాఫ్ట్ వాళ్ల హైపర్‌వైజర్ హైపర్-వీ విండోస్ 10, 11 ప్రోలో ముందే ఉంటుంది, హోమ్‌లో ఉండదు. డ్రైవర్ల బెంగే లేదు. అదే కంప్యూటర్ మీద పిల్లలు చదువుకోవాలంటే ఇంతకన్నా తేలికైంది లేదు. అయితే గ్రాఫిక్స్ కార్డుని నేరుగా ఒక వర్చువల్ మెషీన్‌కి అప్పగించడం మామూలు విండోస్‌లో కుదరదు, దానికి విండోస్ సర్వర్ కావాలి. పైగా అప్‌డేట్ వచ్చి విండోస్ రీస్టార్ట్ అయితే లోపలివి కూడా ఆగుతాయి.

నా ఓటు లినక్స్ మీద నడిచే హైపర్‌వైజర్ ప్రాక్స్‌మాక్స్‌కే, మెషీన్‌ని పూర్తిగా దానికి వదిలేయగలిగితే. లోపల డెబియన్ అనే లినక్స్, అందులో వర్చువల్ మెషీన్లని నడిపే కేవీఎం ఉంటాయి కాబట్టి లినక్స్ గుర్తుపట్టే హార్డ్‌వేర్ దాదాపు అంతా పనిచేస్తుంది. మానిటర్ తీసేసి, ఏ బ్రౌజర్‌లోనైనా ఐపీ అడ్రస్ పక్కన 8006 కొట్టి లోపలికి వెళ్లొచ్చు. చిన్న పనులకి పూర్తి వర్చువల్ మెషీన్ అక్కర్లేదు, తేలికైన కంటైనర్లు చాలు. మా డీఎన్ఎస్ 512 ఎంబీ ర్యామ్‌తో సరిపెట్టుకుంటోంది. లాగిన్ అయిన ప్రతిసారీ సబ్‌స్క్రిప్షన్ లేదని గుర్తుచేస్తుంది, ఓకే నొక్కితే సరి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం ఒకే చవక ఎస్ఎస్‌డీ ఉంటే జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ (డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతి) జోలికి వెళ్లకండి. ర్యామ్ తింటుంది, రాతలు ఎక్కువై డిస్కు త్వరగా అరుగుతుంది. లినక్స్ మామూలు ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 చాలు.

మా వైపు అన్నిటికన్నా పెద్ద పరీక్ష కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉంది. అంత దాకా ఎందుకు, ఓ వానాకాలం సాయంత్రం కరెంటు ఐదు నిమిషాల్లో మూడుసార్లు పోయి వచ్చింది. కరెంటు రాగానే దానంతటదే ఆన్ అవ్వాలని బయాస్‌లో నేనే పెట్టాను. తర్వాతి రెండుసార్లూ సగం బూట్‌లో ఉండగానే పోయింది. ఆఖరికి ఫోటోల డిస్కు మౌంట్ కాలేదు. మానిటర్ మెట్ల కిందకి మోసుకెళ్లి, టార్చిలైటు నోట్లో పెట్టుకుని డిస్కు తప్పులు సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడిపాను. ఆ మర్నాడే యూఎస్‌బీ ఉన్న యూపీఎస్ కొన్నాను. ప్రాక్స్‌మాక్స్‌లో నట్ అనే, యూపీఎస్‌ని గమనించే ప్యాకేజీ వేసుకుంటే బ్యాటరీ అడుగంటే లోపు అన్నీ తమంతట తామే సర్దుకుని ఆగుతాయి. విండోస్ అయితే చాలా యూపీఎస్‌లని ల్యాప్‌టాప్ బ్యాటరీలాగే చూస్తుంది, అదీ సుఖమే.

మావాడి ఐ7 మీద పాప పాఠాలు నడుస్తున్నాయి. అందుకని ప్రస్తుతానికి హైపర్-వీ వెయ్యమన్నాను. వాడి కన్ను మాత్రం ప్రాక్స్‌మాక్స్ మీదే ఉంది. గంటస్తంభం చుట్టుపక్కల సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ కోసం తిరుగుతూ, కనబడిన ప్రతి పెట్టె ఫోటో తీసి నాకు పంపుతున్నాడు.