సెఫ్‌ట్రియాక్సోన్ చాలా, సల్బాక్టమ్ కలిపింది కావాలా, పిప్‌టాజ్ దాకా వెళ్లాలా: ఏది మేలు?

కర్నూలు గాయత్రి ఎస్టేట్‌లో ఏ మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడినా చీటీల మీద కొన్ని యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల పేర్లే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఒట్టి సెఫ్‌ట్రియాక్సోన్ 1 గ్రాము. దానికి అర గ్రాము సల్బాక్టమ్ కలిపిన 1.5 గ్రాముల వయల్. అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిపిన 1.2 గ్రాములది. ఐసీయూ నుంచి వచ్చే చీటీల్లో అయితే పైపరాసిలిన్-టాజోబాక్టమ్ 4.5 గ్రాములు. అందరూ పిప్‌టాజ్ అనేది దీన్నే.

ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను కాబట్టి చుట్టాలు, ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, రెండు మందులు కలిపిందైతే పవర్ ఎక్కువ ఉంటాది కదా, అదే రాయించుకుందామా?" నా మాట ముందే చెప్పేస్తాను. మామూలు ఇన్‌ఫెక్షన్లలో ఆ రెండో మందు వల్ల అదనంగా ఒరిగేదేమీ ఉండదు. అవసరమైన చోట మాత్రం అదే ప్రాణం నిలబెడుతుంది. ఆ అవసరం ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలి.

అమాక్సిసిలిన్, పైపరాసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు, సెఫ్‌ట్రియాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్లు బ్యాక్టీరియాను దాని చుట్టూ ఉండే గోడ కట్టుకోనివ్వవు. గోడ బలహీనమై అది పగిలి చస్తుంది. ఈ మందులన్నిటిలో బీటా లాక్టమ్ అనే వలయం ఒకటి ఉంటుంది, పనంతా దానిదే. కొన్ని బ్యాక్టీరియాలు ఆ వలయాన్ని తెంచే బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్‌ను తయారు చేసుకుంటాయి. ఆ ఎంజైమ్‌ను కత్తెర అనుకోండి. సల్బాక్టమ్, టాజోబాక్టమ్, క్లావులనేట్ ఆ కత్తెర నోట్లో ఇరుక్కుని అసలు మందును తెగకుండా కాపాడతాయి. తమంతట తాము క్రిమిని చంపేది చాలా తక్కువ. అసినెటోబాక్టర్ లాంటి క్రిమి మీద మాత్రం సల్బాక్టమ్‌కు సొంత బలం ఉంది. కాబట్టి ఆ ఎంజైమ్ లేని క్రిమి మీద రెండో మందు వేసినా వేయకపోయినా ఒకటే. ఎన్‌డీఎమ్ లాంటి మొండి ఎంజైమ్ ఉన్న క్రిమికైతే ఈ మూడింటిలో ఏదీ అడ్డుపడలేదు.

ఒట్టి సెఫ్‌ట్రియాక్సోనా, సల్బాక్టమ్ కలిపిందా?

మన దగ్గర ఎక్కువ తికమక ఈ రెండింటి మధ్యే. సెఫ్‌ట్రియాక్సోన్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 8 గంటలు పడుతుంది. అందుకే చాలా జబ్బులకు రోజుకు ఒక్కసారి వేస్తే సరిపోతుంది. సల్బాక్టమ్ సగం కావడానికి సుమారు గంట చాలు. ఉదయం 9 గంటలకు రెండూ కలిపి వేస్తే మధ్యాహ్నం భోజనాల వేళకు సల్బాక్టమ్ దాదాపు పోయినట్టే. ఆ తర్వాత రాత్రంతా మిగిలేది ఒట్టి సెఫ్‌ట్రియాక్సోనే. రెండూ కలిసి ఉంటేనే ఫలితం అన్న జోడీలో ఒకటి అంత త్వరగా వెళ్లిపోతే ఇక కలిపి ఏం లాభం? అమెరికాలో ఈ జోడీకి అనుమతే లేదు. మన దేశంలో మాత్రం ఎన్నో కంపెనీల పేర్లతో దొరుకుతుంది, ఒట్టి మందు కంటే ఖరీదు కూడా ఎక్కువే.

టైఫాయిడ్ సంగతే చూడండి. మన దేశంలో టైఫాయిడ్ క్రిమి సిప్రోఫ్లోక్సాసిన్‌కు లొంగడం చాలావరకు మానేసింది. సెఫ్‌ట్రియాక్సోన్‌కు మాత్రం ఇప్పటికీ ఎక్కువ మందిలో లొంగుతోంది. ఇక్కడ సల్బాక్టమ్‌తో పని లేదు. అయితే సరైన మందే పడినా టైఫాయిడ్ జ్వరం దిగడానికి 4 నుంచి 6 రోజులు పడుతుంది. మూడో రోజుకే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. "ఈ సూది పనిచేయట్లేదు సార్, పెద్దది వేయండి" అని డాక్టర్ మీద పడతారు. ఒట్టి మందు స్థానంలో కలిపిన మందు వస్తుంది. ఐదో రోజు జ్వరం దిగుతుంది, పేరు కొత్త మందుకు పోతుంది. మొదటి సూది వేయకముందే రక్తం కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్షకు, పంపి ఉంటే ఈ గందరగోళం ఉండేది కాదు. విడాల్ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుంటే టైఫాయిడ్ కానిది కూడా టైఫాయిడ్ అనిపించుకుంటుంది.

అలా పొరబడే జ్వరాల్లో స్క్రబ్ టైఫస్ ఒకటి. గట్ల మీద గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. రాయలసీమలోనూ ఉంది, వానలు పడ్డాక పొలం పనులకు వెళ్లేవాళ్లలో అనుమానించాల్సిన జ్వరం ఇది. కుట్టిన చోట నొప్పి లేని నల్లటి పొక్కు కడుతుంది. అది చంకలోనో గజ్జలోనో ఉంటే బట్టలు తీసి వెతికితే తప్ప కనపడదు, కొందరిలో అసలు పొక్కే ఉండదు. ఈ క్రిమి మన కణాల లోపల దాక్కుని బతుకుతుంది, బీటా లాక్టమ్ మందులు దాన్ని ఏమీ చేయలేవు. సెఫ్‌ట్రియాక్సోన్ వేసినా, సల్బాక్టమ్ కలిపినా, పిప్‌టాజ్‌కు వెళ్లినా అంతే. డాక్సీసైక్లిన్ మాత్ర పడితే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధనలు నడిపిన రోజుల్లో, 1948లో టెట్రాసైక్లిన్ కుటుంబపు తొలి మందు ఆరియోమైసిన్ వచ్చింది. డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే. ఖరీదైన సూదులు రోజుల తరబడి పడినా దిగని జ్వరం చవక మాత్రతో దిగుతుందంటే నమ్మడానికి మనవాళ్లకు చాలా కష్టంగా ఉంటుంది.

డెంగీకి, ఇతర వైరల్ జ్వరాలకు ఏ యాంటీబయాటిక్‌తోనూ ఉపయోగం లేదు. పైగా డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు కండకు సూది వేస్తే అక్కడ రక్తం గడ్డకట్టి వాస్తుంది.

అమాక్సిసిలిన్-క్లావులనేట్

జోడీ అంటే ఇలా ఉండాలి అనిపించే మందు ఇది. రెండూ సుమారు గంటలో సగమవుతాయి, కలిసి వచ్చి కలిసి పోతాయి. అందుకే 8 గంటలకోసారి వేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్స్‌ను మూడు గుంపులు చేసింది: ముందుగా వాడదగ్గవి, ఆచితూచి వాడాల్సినవి, ఆఖరి అవసరానికి దాచుకోవాల్సినవి. అమాక్సిసిలిన్-క్లావులనేట్ మొదటి గుంపులో ఉంది. సెఫ్‌ట్రియాక్సోన్, పిప్‌టాజ్ రెండో గుంపులో ఉన్నాయి. పంటి చీము ముఖమంతా పాకినప్పుడు, కుక్క కాటు పుండు చెడినప్పుడు ఇది బాగా పనికొస్తుంది. రేబిస్ టీకా దారి వేరు, అది ఎలాగూ వేయించుకోవాల్సిందే.

వేసేటప్పుడు జాగ్రత్తలు ఉన్నాయి. కలిపాక 20 నిమిషాల్లోపు నరానికి ఎక్కించాలి. డెక్స్‌ట్రోజ్‌లో నిలవదు, నార్మల్ సెలైన్‌లోనే కలపాలి. కండకు వేయకూడదు. వయసు మళ్లిన మగవాళ్లలో ఒక్కోసారి కామెర్లు తెస్తుంది, అదీ మందు ఆపేసిన కొన్ని వారాలకు. అప్పుడు ఆకు మందు కోసం పరుగెత్తకుండా, ఈ మందు వాడామని డాక్టర్‌కు చెప్పాలి.

పిప్‌టాజ్

సూడోమోనాస్ అనే మొండి క్రిమికి సెఫ్‌ట్రియాక్సోన్ పనిచేయదు, పిప్‌టాజ్ పనిచేస్తుంది. ఆసుపత్రిలో ఉండగా పట్టుకున్న నిమోనియా, పేగుకు చిల్లు పడి కడుపంతా చీము పట్టడం, కీమోథెరపీ తర్వాత తెల్లకణాలు పడిపోయి వచ్చిన జ్వరం, ఇవి దీని చోట్లు. మన జిల్లాల్లో ఇంకోటి చేర్చాలి, షుగర్ పుండు. ఎండాకాలంలో చెప్పుల్లేకుండా చేనికి వెళ్లిన పెద్దాయనకు అరికాలు బొబ్బెక్కినా స్పర్శ లేక తెలియదు. చీము ఎముక దాకా వెళ్లి, జ్వరంతో మనిషి వణుకుతూ ఆసుపత్రికి వస్తే పిప్‌టాజ్‌తో మొదలుపెట్టడం న్యాయమే. కాకపోతే చీము కోసి తీయకుండా మందు ఒక్కటే ఎక్కిస్తూ కూర్చుంటే కాలు నిలవదు.

దీన్ని తయారు చేయడం చూస్తే ఇది ఇంట్లో వేయించుకునే మందు కాదని అర్థమవుతుంది. వయల్‌లో తెల్లటి పొడి నిండుగా ఉంటుంది. 20 మి.లీ. స్టెరైల్ వాటర్ పోయగానే పొడి ముద్దకట్టి అడుగున అంటుకుంటుంది. గట్టిగా ఊపితే పైన నురగ లేచి ఎంత కరిగిందో కనిపించదు. చేతిలో పట్టుకుని నిదానంగా తిప్పుతూ ఉండాలి, నీళ్లలా తేటగా అయ్యేదాకా. అప్పుడు 100 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపి కనీసం అరగంట ఎక్కించాలి. జబ్బు తీవ్రంగా ఉంటే 4 గంటల పాటు మెల్లగా ఎక్కించే పద్ధతీ ఉంది. ఇలా రోజుకు మూడు నాలుగు సార్లు. ఎమికాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌ను అదే బాటిల్‌లో కలిపితే ఆ ఎమికాసిన్ పనికిరాకుండా పోతుంది. రింగర్ లాక్టేట్ అనే సెలైన్‌లో కలపడం అన్ని కంపెనీల వయల్స్‌కూ కుదరదు, లేబుల్ చదవాలి.

కిడ్నీ సంగతి ఇంకా ముఖ్యం. కిడ్నీ వడపోత కొలత, అంటే క్రియాటినిన్ క్లియరెన్స్, 40 కంటే తగ్గితే పిప్‌టాజ్ డోసు తగ్గించాలి. వ్యాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో కలిపి వాడుతుంటే క్రియాటినిన్ మీద కన్ను వేసి ఉంచాలి. దీనిలో సోడియం ఎక్కువ, గుండె బలహీనంగా ఉండి కాళ్లు వాచేవాళ్లకు ఆ లెక్క కూడా చూడాలి.

ఇంత పెద్ద మందుకూ హద్దుంది. సెఫ్‌ట్రియాక్సోన్‌కు లొంగని ఈ.కోలై, క్లెబ్సియెల్లా అనే క్రిములు రక్తంలో చేరినవాళ్ల మీద పిప్‌టాజ్‌ను, మెరోపెనెమ్ అనే ఇంకో యాంటీబయాటిక్‌ను పోల్చిన మెరినో ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. 30 రోజుల్లో పిప్‌టాజ్ వైపు 12.3 శాతం మంది, మెరోపెనెమ్ వైపు 3.7 శాతం మంది చనిపోయారు. ల్యాబ్ రిపోర్టులో పిప్‌టాజ్ ఎదురుగా 'లొంగుతుంది' అని ఉన్నా, రక్తంలో ఆ రకం క్రిమి ఉంటే డాక్టర్లు మెరోపెనెమ్‌కు వెళ్లేది ఇందుకే.

సల్బాక్టమ్ కలిపిన ఇంకో జోడీ సెఫోపెరజోన్-సల్బాక్టమ్ గురించి రెండు మాటలు చాలు. అది విటమిన్ కె పనిని తగ్గించి రక్తస్రావం తెచ్చే అవకాశం ఉంది, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పాలి. అది వాడే రోజుల్లో, ఆపాక కూడా కనీసం మూడు రోజులు మద్యం ముట్టకూడదు. ముట్టితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు.

ఇంట్లోనా, ఆసుపత్రిలోనా?

మంచం మీద పడుకోబెట్టి, కిటికీ ఊచకు సెలైన్ కట్టి, ఆర్ఎంపీ చేత సూది వేయించడం మన ఊళ్లలో మామూలు. బస్సు ఖర్చు, కూలి పోవడం, పెద్దాసుపత్రిలో క్యూ, ఆ కష్టం నాకు తెలుసు. అయినా మొదటి డోసు ఇంట్లో వద్దని గట్టిగా చెబుతాను. పెన్సిలిన్ జాతి మందు పడక కొందరికి నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకుని, బీపీ పడిపోతుంది. ఆ క్షణంలో కావాల్సింది అడ్రినలిన్. పెద్దవాళ్లకైతే అర మిల్లీగ్రాము, తొడ బయటి వైపు కండకు, వెంటనే. వేసే మనిషి చేతికందే దూరంలో అది లేకపోతే ఏ యాంటీబయాటిక్ సూదీ వేయించుకోవద్దు. టెస్ట్ డోసు వేసి చూశాం, ఏమీ కాలేదు అన్న ధైర్యం కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. టెస్ట్‌లో ఏమీ రాకపోయినా పూర్తి డోసుకు రియాక్షన్ రావచ్చు. వేశాక కనీసం అరగంట అక్కడే ఉండండి.

ఇంటి సెలైన్‌తో ఇంకో ముప్పు ఉంది. సెఫ్‌ట్రియాక్సోన్ కాల్షియంతో కలిస్తే గడ్డలు కడుతుంది, రింగర్ లాక్టేట్‌లో కాల్షియం ఉంటుంది. రెండూ ఒకే గొట్టంలో ఒకేసారి పోకూడదు. 28 రోజుల లోపు పసిబిడ్డకు కాల్షియం ఉన్న సెలైన్ ఎక్కుతుంటే సెఫ్‌ట్రియాక్సోన్ అసలు వేయకూడదు, ప్రాణాలు పోయిన కేసులున్నాయి.

చీటీ లేకుండా ఈ సూదులు అమ్మడం కూడా చట్టం ఒప్పుకోదు. సెఫ్‌ట్రియాక్సోన్ 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే కట్టడి మందుల జాబితాలో ఉంది. రోగి పేరు, రాసిన డాక్టర్ పేరు షాపువాళ్లు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. చీటీ అడిగిన షాపువాడి మీద కోప్పడకండి.

ఇంజెక్షన్ మొదలైన రెండు మూడు రోజులకు డాక్టర్‌ను అడగాల్సిన మాట ఒకటుంది: "సార్, కల్చర్‌లో ఏమొచ్చింది, మాత్రకు మారొచ్చా?" జ్వరం దిగి, నోటితో తినగలుగుతుంటే చాలా ఇన్‌ఫెక్షన్లలో మారవచ్చు. అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కు 625 మాత్ర అదే మందు. సెఫ్‌ట్రియాక్సోన్‌కు, పిప్‌టాజ్‌కు మాత్ర లేదు, కాబట్టి కల్చర్ చూసి వేరే మందుకు మారుస్తారు. మారినా ఎన్ని రోజులు వాడాలో డిశ్చార్జ్ చీటీలో రాయించుకోండి. ఏ మందుకైనా దద్దుర్లు వచ్చి ఉంటే దాని పేరు కూడా అదే చీటీ మీద ఎర్ర సిరాతో రాయించి, వచ్చేసారి ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు ఆ చీటీనే చూపించండి.