డబుల్ బేస్ ఉన్న సాఫ్ట్‌బాల్ సెట్: కాన్వాస్ వద్దు, రబ్బరుదే తీసుకోండి

సాఫ్ట్‌బాల్ సామాను కొనేటప్పుడు మన స్కూళ్లు, గురుకులాలు బ్యాట్లు, గ్లవ్స్ మీద పెట్టే శ్రద్ధ బేస్‌ల మీద, అంటే పరుగెత్తేవాళ్లు తాకాల్సిన దిమ్మల మీద, పెట్టవు. ఏవో నాలుగు ఉంటే చాలనుకుంటారు. కానీ రన్నర్ ఔటా సేఫా అని గ్రౌండ్‌లో మొదలయ్యే గొడవలను తరచి చూస్తే, చాలాసార్లు తప్పు అంపైర్ కంటిది కాదు, కింద వేసిన బేస్‌దే. హైదరాబాద్ సుల్తాన్ బజార్, అబిడ్స్ షాపుల్లో అడిగినా, ఆన్‌లైన్‌లో తెప్పించినా డబుల్ బేస్ (ఫస్ట్ బేస్ దగ్గర తెలుపు, ఆరెంజ్ భాగాలు పక్కపక్కనే ఉండే బేస్) సెట్లు ముఖ్యంగా రెండు రకాలు: లోపల ఫోమ్ కుక్కి పైన కాన్వాస్ కుట్టినవి, గట్టి రబ్బరుతో పోత పోసినవి. ఈ రివ్యూ ఈ రెంటి గురించే.

ముందు టేపు తీసి కొలవండి. సాఫ్ట్‌బాల్ బేస్ 15 అంగుళాల చదరం. డబుల్ బేస్ అయితే 15 అంగుళాల తెల్ల భాగం, దాని పక్కనే అంతే కొలతలో ఆరెంజ్ భాగం, మొత్తం 30 అంగుళాలు. మందం 5 అంగుళాలు దాటకూడదు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ 2023లో బేస్‌ను 18 అంగుళాలకు పెంచింది. షాపతను "పెద్దదైతే ఇంకా మంచిది సార్" అని అదే అంటగట్టబోతే తీసుకోకండి.

కాన్వాస్ బేస్‌తో మొదటి ఇబ్బంది అంచు. నాలుగు మ్యాచ్‌లు ఆడేసరికి అంచులు నలిగి గుండ్రమవుతాయి. ఫాస్ట్‌పిచ్‌లో (బాల్‌ను వేగంగా విసిరే సాఫ్ట్‌బాల్ రకం) బాల్ పిచ్చర్ (బ్యాటర్‌కు బాల్ విసిరే ప్లేయర్) చేతిని వదిలేదాకా రన్నర్ పాదం బేస్‌ను తాకే ఉండాలి. ముందే వదిలితే ఔట్, బాల్ డెడ్ (ఆట అక్కడితో ఆగుతుంది), ఆ పిచ్ లెక్కలోకి రాదు. అంచు నిలువుగా ఉంటే బొటనవేలు ఎప్పుడు విడిచిందో అంపైర్‌కు పక్క నుంచి స్పష్టంగా కనబడుతుంది. నలిగిన కాన్వాస్ మీద అది పోల్చుకోవడం కష్టం. ఫస్ట్ బేస్ దగ్గర అంపైర్ కన్ను పాదం మీద, చెవి గ్లవ్‌లో పడే బాల్ చప్పుడు మీద పెడతారు. రబ్బరు మీద అడుగు పడితే దబ్బున వినిపిస్తుంది, అది అదనపు సాయం.

అసలు తేడా మాత్రం బేస్ నేలను పట్టుకోవడంలో ఉంది. మన గ్రౌండ్లలో మొరం ఎండాకాలం రాయిలా ఉంటుంది, వానలకు వదులవుతుంది. సెట్‌తో ఇచ్చే పొట్టి మేకులు మొదటి దాంట్లో వంగుతాయి, రెండోదాంట్లో ఊడుతాయి. వాటిని పక్కన పడేసి, 10 అంగుళాల ఇనుప కడ్డీ ముక్కలకు తల వంచి, ముందురోజు నీళ్లు పోసి నానబెట్టిన నేలలో కొంచెం ఏటవాలుగా దిగ్గొట్టండి. తలలు బేస్ కిందే ఉండాలి, పైకి తేలితే స్లైడ్ చేసే పిల్లల మోకాళ్లు చీరుకుంటాయి.

బేస్ ఊడితే ఏమవుతుందో చూడండి. బ్యాటర్ లాంగ్ హిట్ కొట్టి సెకండ్ బేస్‌లోకి స్లైడ్ చేసింది. పాదం తగిలి బేస్ అడుగు దూరం జరిగింది. షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) వచ్చి ట్యాగ్ చేసి, అంటే బాల్ చేతపట్టి ఆమెను తాకి, ఔట్ అంటుంది. ఔట్ కాదు. సేఫ్‌గా చేరాక బేస్ కదిలిపోతే, బేస్ మీద లేదన్న కారణంతో రన్నర్‌ను ఔట్ చేయడానికి లేదు. వెనక వచ్చే రన్నర్ కూడా జరిగిపోయిన బేస్‌ను వెతుక్కుంటూ పోనక్కర్లేదు, బేస్ ఉండాల్సిన చోటు తాకితే చాలు. అయితే ఈ రక్షణకు ఒక హద్దుంది. బేస్‌ను మళ్లీ సరిచేయకముందే ఆ స్లైడ్ చేసిన రన్నర్ థర్డ్ వైపు కదిలిందా, రక్షణ పోయినట్టే. అప్పుడు ట్యాగ్ చేస్తే ఔట్. "బేస్ ఊడింది కాబట్టి బాల్ డెడ్" అని కోచ్‌లు అరుస్తుంటారు, అది తప్పు. ఆట నడుస్తూనే ఉంటుంది, అది ఆగాకే అంపైర్ బేస్ సరిచేయిస్తారు.

ఇక డబుల్ బేస్. దాన్ని వేయడమే చాలా చోట్ల తప్పుగా వేస్తున్నారు. తెల్ల భాగం పూర్తిగా ఫెయిర్‌లో (ఫౌల్ గీతకు లోపలి వైపు), ఆరెంజ్ పూర్తిగా ఫౌల్‌లో (గీత బయట) ఉండాలి. హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నిలబడి ఆడే పలక) వెనక మొన నుంచి తెల్ల భాగం వెనక అంచుకు 60 అడుగులు. దీన్ని ఫౌల్ గీతకు అటూ ఇటూ వచ్చేలా మధ్యలో వేస్తే ప్రతి తీర్పూ తలకిందులే. కొట్టిన బాల్ తెల్ల భాగానికి తగిలితే ఫెయిర్, ఒక్క ఆరెంజ్‌కే తగిలితే ఫౌల్. రెండూ కలిసే కుట్టు మీద పడితే తెలుపు తగిలినట్టే, కాబట్టి ఫెయిర్.

బ్యాటర్‌ను ఫస్ట్ బేస్ దగ్గర ఔట్ చేసే ప్రయత్నం జరుగుతుంటే ఆమె ఆరెంజ్ తొక్కాలి, ఫీల్డర్‌ది తెలుపు. ఇద్దరూ గుద్దుకోకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. ఆమె తెలుపు మాత్రమే తొక్కి దాటిపోతే బేస్ మిస్ చేసిన కిందే లెక్క. అక్కడ అంపైర్ తనంతట తాను ఔట్ ఇవ్వకూడదు, ఆమె తిరిగి బేస్‌కు చేరేలోగా ఫీల్డింగ్ జట్టు అప్పీల్ చేయాలి. అప్పీల్ రాలేదా, సేఫ్. బాల్ అవుట్‌ఫీల్డ్‌కు పోయి ఫస్ట్ దగ్గర ఔట్ చేసే ప్రయత్నం లేకపోతే ఏ భాగం తొక్కినా ఫర్వాలేదు. త్రో ఫౌల్ వైపు నుంచి వచ్చినా, గతి తప్పి ఫీల్డర్‌ను ఫౌల్ వైపు లాగినా ఇద్దరూ ఏ భాగమైనా వాడుకోవచ్చు. డ్రాప్‌డ్ థర్డ్ స్ట్రయిక్ (మూడో స్ట్రయిక్ బాల్‌ను క్యాచర్ పట్టలేకపోవడం) అప్పుడు ఇది ఎక్కువగా ఎదురవుతుంది.

దాటి వెనక్కి వచ్చాక మాత్రం తెలుపే ఆమె బేస్. పికాఫ్‌కు (బేస్ వదిలిన రన్నర్‌ను త్రోతో ఔట్ చేసే ప్రయత్నం) తిరిగి రావాలన్నా, క్యాచ్ పట్టాక పరుగెత్తాలన్నా తెలుపే తాకి ఉండాలి. ఆరెంజ్ మీద హాయిగా నిలబడ్డ పిల్లను ట్యాగ్ చేస్తే ఔటే. ఈ ఒక్క ముక్క పీఈటీలు ప్రాక్టీస్‌లో పదేపదే చెప్పాలి.

రబ్బరు సెట్‌లోనూ ఒక లోపం ఉంది. కొన్నిటిలో తెలుపు, ఆరెంజ్ విడివిడి ముక్కలు, కింద కొక్కేలతో కలుపుతారు. ఆటలో మెల్లగా విడిపోయి వేలు పట్టేంత సందు పడుతుంది. పాదం ఆ సందులో దిగితే ఏ భాగం తాకిందో చెప్పడం ఎవరితరం కాదు, పైగా మడమ మెలిపడుతుంది. ఒకే ముక్కగా పోసినదే అడగండి. దొరక్కపోతే రెంటినీ నైలాన్ తాడుతో అడుగున బిగించి, ప్రతి రెండు ఇన్నింగ్స్‌కు ఓసారి చూడండి.

సెట్‌లో హోమ్ ప్లేట్ బాగానే ఉంటుంది. పిచ్చర్స్ ప్లేట్ (పిచ్చర్ నిలబడి విసిరే పలక) రాదు, విడిగా కొనాలి: 24 అంగుళాల పొడవు, 6 వెడల్పు. దాని ముందు అంచు మధ్య బిందువు నుంచి 8 అడుగుల వ్యాసార్ధంతో సున్నం గీత వేయందే లుక్‌బ్యాక్ తీర్పు ఇవ్వలేరు. ఆ రూల్ ఇదీ: పిచ్చర్ రెండు పాదాలూ గీత లోపలో గీత మీదో ఉండి, బాల్ చేతిలో ఉండి, ఎవరినీ ఔట్ చేసే ప్రయత్నంలో లేనప్పుడు, బేస్ వదిలి ఉన్న రన్నర్ ఒక్కసారి ఆగొచ్చు, వెంటనే ముందుకో వెనక్కో కదలాలి. కదలకపోతే ఔట్. పిచ్చర్ త్రో చేసినట్టు చేయి ఝుళిపిస్తే ఈ రూల్ అప్పటికి వర్తించదు.

మామూలు బేస్‌లు ఇప్పటికే ఉన్నవాళ్లు మొత్తం సెట్ కొనక్కర్లేదు, రబ్బరు డబుల్ బేస్ ఒక్కటి విడిగా తీసుకుంటే సరిపోతుంది. ఎండకు ఆరెంజ్ వెలిసిపోతుంది కాబట్టి వాడనప్పుడు నీడలో పెట్టండి. వెలిసి తెలుపుకు దగ్గరైనప్పుడు రబ్బరుకు పట్టే రంగు వేయించాలి, మామూలు ఎనామిల్ పెయింట్ వేస్తే పెచ్చులూడి స్పైక్స్‌కు జారుతుంది.