బరంపురంలో అర్ధరాత్రి ఆట చూడాలంటే ముందు లాడ్జి షట్టర్ సంగతి అడగండి

ఒడిశాలోని బరంపురంలో కల్ట్ సినిమాల (కొద్దిమంది పిచ్చిగా అభిమానించే సినిమాల) ఫెస్టివల్‌కి వెళ్లొచ్చాం. సినిమాల ఎంపికకు వంక పెట్టడానికి లేదు. వంకంతా స్టేషన్ దగ్గరి లాడ్జిది. పన్నెండింటి ఆట కోసం వచ్చినవాళ్లకి గది ఇచ్చి, పదకొండుకే షట్టర్ దించేసే లాడ్జి అది. డబ్బు కట్టించుకునేటప్పుడు ఆ ముక్క చెప్పరు. రాత్రికి 1,100 చొప్పున రెండు రాత్రులకీ ముందే తీసేసుకున్నారు. ఆట వదిలాక రెండున్నరకి వెళ్లి షట్టర్ కొడితే, “అయిదింటికి తీస్తాం బాబూ” అని లోపల్నుంచే జవాబు. మేనేజర్ ఫోన్ స్విచాఫ్. మా బావ ఆ మెట్ల మీదే కూలబడి కల్ట్ సినిమానీ, అర్ధరాత్రి ఆట కనిపెట్టినవాణ్ణీ, నన్నూ వరసగా తిట్టాడు. రెండో రాత్రి డబ్బు వెనక్కి అడిగితే “రూలు” అన్నారు. బోర్డు మీద ఒడియాలోనూ లేదు, తెలుగులోనూ లేదు ఆ రూలు.

కాబట్టి ఏసీ, గీజరు తర్వాత. రాత్రంతా కౌంటర్లో మనిషి ఉంటాడా, షట్టర్ ఎన్నింటికి దించుతారు, ఈ రెండూ అడిగాకే డబ్బు కట్టండి. హాలుకి నడిచిపోయే దూరంలో 1,650కి గది దొరికింది. 550 ఎక్కువే గానీ, పగలు షేర్ ఆటోలో 20 అయ్యే దూరానికి అర్ధరాత్రి 200 గుంజుతారు. గోపాల్‌పూర్‌లో దిగితే సముద్రం కూడా చూడొచ్చని ఎవరైనా అంటే వినకండి. పదహారు కిలోమీటర్లు; రాత్రి రెండింటికి ఆ దారిన బండి దొరకదు.

ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు. హౌరా–చెన్నై మెయిన్ లైన్ మీది ఊరు, ఇచ్ఛాపురం దాటితే పాతిక కిలోమీటర్లు. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు కనుక తెలుగుతోనే బతికేయొచ్చు.

అర్ధరాత్రి ఆట మోజుకి వేయలేదు, కల్ట్ సినిమా పుట్టుకే అక్కడ. 1970 డిసెంబరులో న్యూయార్క్‌లోని ఎల్గిన్ థియేటర్ ‘ఎల్ టోపో’ని అర్ధరాత్రి ఆటలుగా వేశాకే ఈ అలవాటు గట్టిపడింది. మన దగ్గర దారి వేరు: హాల్లో పోయినవి టీవీలో బతుకుతాయి. 2010లో జనం తిప్పికొట్టిన ‘ఖలేజా’కి ఇక్కడ హాలంతా డైలాగులు ముందే అందుకుంది. ఒడియా కుర్రాళ్లు సబ్‌టైటిల్ చదివేసి మనకంటే అర క్షణం ముందు నవ్వడం ఇంకో వినోదం. 1988లో తీసి 2014లో గానీ హాళ్లకు రాని ‘ఓం దర్ బ దర్’కి మాత్రం సగం మంది మధ్యలోనే లేచిపోయారు. బావ కూర్చున్నాడు, నిద్రపోతూ.

అసలు తంటా ప్రొజెక్షన్‌ది. తాళం వేసిన డీసీపీని (హాలుకి వచ్చే సినిమా డిజిటల్ ఫైళ్లని) తెరవడానికి వచ్చే కీ ఒక్క సర్వర్‌కే (హాల్లో సినిమా నడిపే కంప్యూటర్‌కే), అదీ ఫలానా టైమునుంచి ఫలానా టైముదాకానే పనిచేస్తుంది. పన్నెండింటి ఆటకి ‘ఆ తేదీ రాత్రి 11.59 వరకు’ అని కీ తెప్పిస్తే ఏమవుతుంది? తేదీ మారిపోతుంది, సినిమా మొదలవదు. ఒక విదేశీ హారర్‌కి అదే జరిగింది. మొదలయ్యే నిమిషానికి గడువు మిగిలి ఉండాలి కాబట్టి మర్నాటి తెల్లారేదాకా అడగాలి. టైము భారత కాలమానమో గ్రీనిచ్‌దో కూడా తేల్చుకోవాలి, లేకపోతే అయిదున్నర గంటల తేడా కొంప ముంచుతుంది. ముందురోజే కీ సర్వర్‌లోకి ఎక్కించి చూస్తే, కొత్తది తెప్పించడానికి వ్యవధి ఉంటుంది.

పాత నలుపు తెలుపు జానపదాన్ని ల్యాప్‌టాప్ నుంచి వేశారు. దాని బొమ్మ వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లు. ఫ్లాట్ (తక్కువ వెడల్పు బొమ్మ) ప్రీసెట్‌లో పెట్టి, పక్కల నల్లగా వదిలేయాలి. ఆపరేటర్ స్కోప్ (బాగా వెడల్పు బొమ్మ) నొక్కి తెర నిండా జూమ్ చేశాడు. రాజుగారి కిరీటం పైన, సబ్‌టైటిల్ కింద తెగిపోయాయి. మోనో సౌండ్‌ని స్టీరియోగా పంపడంతో నడుమ స్పీకర్ మూగబోయి, మాటలు రెండు పక్కలనుంచీ వినిపించాయి. ఇంటర్వెల్లో పైకెళ్లి చెబితే మాత్రం విసుక్కోకుండా సరిచేశాడు, లాడ్జివాళ్లకంటే వెయ్యి రెట్లు నయం.

తిండికి ఢోకా లేదు. హాలు ఎదుట బండి మీద ఇడ్లీ, వడల్లోకి చట్నీకి బదులు వేడి ఘుగుని (ఎండు బఠాణీల కూర) పోస్తారు, ప్లేటు 40. బావ మూడు ప్లేట్లు తిన్నాక నాతో మళ్లీ మాట్లాడాడు. రాత్రి పదకొండు తర్వాత టీ తప్ప ఏమీ దొరకదు, ముందే తినేయండి. అప్పడాలు, పచ్చళ్లు కొనాలంటే మాత్రం పగలే బజారుకి పోవాలి.

ఫెస్టివల్ మొత్తానికి పాసు 600, విడి టిక్కెట్టు 100. ఆరు ఆటలు దాటితేనే పాసు గిట్టుబాటు. సీట్లకు నంబర్లు లేవు, అరగంట ముందు వెళ్లాలి. బాల్కనీ చివరి వరసలు వద్దు, ప్రొజెక్షన్ గదిలోని ఫ్యాన్ల హోరు వీపుకే కొడుతుంది. కింద, తెరకి సగం దూరం దాటాక నడుమ కుర్చీలు పట్టుకోండి.