పెరటి మట్టికి భూసార పరీక్ష: ఆరేళ్లలో నాకు పనికొచ్చినవి, రానివి

మేడ్చల్ వైపు ఇల్లు కట్టుకున్నాక వెనక 120 గజాల పెరడు మిగిలింది. నిమ్మ, మందార, వంగ, టమాటా, నాలుగు మడుల ఆకుకూరలు వేశాం. మొదట్లో ఎవరేం చెబితే అది తెచ్చి పోశాను: గుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద, బోన్ మీల్ (ఎముకల పొడి). నిమ్మచెట్టు మాత్రం చిగురేసిన ప్రతిసారీ లేత ఆకులు పసుపైపోయేవి, ఈనెలు ఒక్కటే పచ్చగా ఉండేవి. 2019లో ఇక మట్టినే అడుగుదామని పరీక్షల దారి పట్టాను.

ముందు డబ్బు దండగైనవి చెప్తాను. ఆన్‌లైన్‌లో 500 రూపాయలకి దొరికే, తేమ, వెలుతురు, పీహెచ్ (మట్టి పులుపో క్షారమో చెప్పే అంకె, 7 దాటితే క్షారం) చూపిస్తానని చెప్పే మూడు పనుల మీటరు కొనకండి. అందులో బ్యాటరీ ఉండదు, రెండు వేర్వేరు లోహపు కడ్డీల మధ్య పుట్టే కాస్త కరెంటుతోనే ముల్లు కదులుతుంది. అది తేమను బట్టీ, ఉప్పును బట్టీ మారుతుంది. మా వంకాయ మడిలోనే నీళ్లు పెట్టక ముందు ఒక పీహెచ్, పెట్టాక ఇంకో పీహెచ్ చూపించింది. తేమ చూడటానికైతే వేలు చాలు. మట్టి కలిపిన ద్రావణం రంగును కార్డుతో పోల్చి చూసే రంగుల కిట్టు కొంత నయం. పీహెచ్ వరకు దారి చూపింది. నత్రజని, భాస్వరం దగ్గరకొచ్చేసరికి నాకు ‘మధ్యస్థం’ అనిపించిన రంగు మా అత్తయ్యకు ‘తక్కువ’ అనిపించింది. అలాంటి ఫలితాన్ని నమ్మి ఎరువు ఎలా వేస్తాం?

ఒక ప్రైవేటు ల్యాబుకు కూడా పంపాను, 1,800 అయింది. రిపోర్టు చూడటానికి బాగుంది కానీ సలహాల పేజీ నిండా వాళ్లు అమ్మే డబ్బాలే. మోతాదులేమో హెక్టారుకు ఇన్ని కిలోలని రాశారు. ఇంటి తోటలవాళ్లకు అది ఎందుకు పనికొస్తుంది?

నేను నిలబడిపోయింది రైతులకు సలహాలిచ్చే, మట్టి పరీక్షలు చేసే కృషి విజ్ఞాన కేంద్రం దగ్గర. మొదటిసారి మట్టిని పాత డీఏపీ (భాస్వరం ఉండే ఎరువు) సంచి ముక్కలో కట్టుకుని 30 కిలోమీటర్లు తీసుకెళ్లాను. అక్కడి సాయిల్ మేడమ్ మూట చూడగానే, “దీంట్లో తెచ్చారా అమ్మా? పరీక్ష చేసినా భాస్వరం తప్పే వస్తుంది. కొత్త కవర్లో మళ్లీ తీసుకురండి” అన్నారు. ఆ రోజు చాలా బాధేసింది కానీ, ఆవిడ అలా వెనక్కి పంపినందుకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. మట్టి తీయడం ఎలాగో కూడా ఆవిడే చెప్పారు. పైనున్న ఆకులు, చెత్త పక్కకు నెట్టి, ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, దాని గోడ నుంచి పైనుంచి కిందిదాకా పలుచగా చెక్కాలి. ఎనిమిది పది చోట్ల అలా తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అరకిలో మిగల్చాలి. నీడలో ఆరబెట్టాలి, ఎండలో కాదు. పెంటకుప్ప పక్కన, గోడ వారన, ఈమధ్యే ఎరువు వేసిన చోట తీయకూడదు. ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు కలిపిన మూలను నేను వేరే నమూనాగా ఇచ్చాను. మనలో చాలామంది పెరళ్లలో అలాంటి మూల ఒకటి ఉంటుంది.

నమూనాకు 300 తీసుకున్నారు. అన్నిచోట్లా ఒకే రేటు ఉండదు కాబట్టి ముందు ఫోన్ చేయండి. ఫారంలో సర్వే నంబరు అడిగితే వెనక్కి రావద్దు, ‘ఇంటి పెరడు’ అని రాయించండి. 2015లో మొదలైన, రైతులకిచ్చే సాయిల్ హెల్త్ కార్డులో ఉండే 12 అంశాలే నాకూ ఇచ్చారు. పీహెచ్ 8.3, సేంద్రియ కర్బనం 0.38 శాతం, భాస్వరం ఎక్కువ, ఇనుము 3.1 పీపీఎం (కిలో మట్టిలో ఇన్ని మిల్లీగ్రాములని), జింకు 0.4 పీపీఎం. ఇనుము 4.5, జింకు 0.6 కంటే తగ్గితే లోపం కింద లెక్క.

అసలే క్షారం ఉన్న మట్టిలో నేను రెండేళ్లు గుడ్డు పెంకుల సున్నం, బూడిద పోశానన్నమాట. భాస్వరం ఎక్కువైతే ఇనుము, జింకు మొక్కకు సరిగా అందవట. బోన్ మీల్, బూడిద, పెంకులు ఆ రోజే ఆపేశాను. ఇనుము లోపంతో పసుపైన నిమ్మకు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పదిరోజుల తేడాతో మూడుసార్లు పిచికారీ చేశాను. తర్వాతి చిగురు పచ్చగా వచ్చింది. జింక్ సల్ఫేట్ ఎకరాకు 20 కిలోలన్నారు. ఎకరం అంటే 4,840 గజాలు, అంటే గజానికి 4 గ్రాములు. మా పెరడు మొత్తానికి అరకిలో సరిపోయింది. ఈ ఒక్క భాగహారం తెలిస్తే ఏ రిపోర్టునైనా ఇంటికి సరిపడా కుదించుకోవచ్చు.

2022లో, 2025లో మళ్లీ చేయించాను. కర్బనం 0.51, తర్వాత 0.72 అయింది. అది ఆకుల కంపోస్టు, పశువుల ఎరువు పుణ్యమే. పీహెచ్ మాత్రం 8.0 దగ్గరే ఉంది. మా బోరు నీళ్లు ఉప్పగా, క్షారంగా ఉంటాయి, అవి పోసినంతకాలం అది పెద్దగా దిగదని మేడమ్ ముందే చెప్పారు. నత్రజని అంకె మీద ఎక్కువ ఆధారపడను, వానకు, ఎరువుకు అది త్వరగా మారిపోతుంది.

మధ్యలో చూసుకోవడానికి డిజిటల్ పీహెచ్ పెన్ను కొన్నాను. 20 గ్రాముల మట్టికి 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపి, అరగంట ఆగి ముంచుతాను. పీహెచ్ ముందే తెలిసిన బఫర్ పొడులతో నెలకోసారి సరిచూసుకోకపోతే దాన్ని నమ్మలేం. మేడ మీది కుండీలకు ఇదే చాలు. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మిశ్రమాన్ని ల్యాబుకిస్తే పొలం మట్టి కొలతలతో చూస్తారు, వాటికి పొంతన ఉండదు.

ఇంకొక్క సంగతి. ఈ 12 అంశాల్లో సీసం, కాడ్మియం ఉండవు. పాత ఫ్యాక్టరీ స్థలం పక్కనో, రద్దీ రోడ్డు పక్కనో పెరడు ఉన్నవాళ్లు వాటిని విడిగా అడిగి చేయించుకోవాలి. మూడేళ్లకోసారి మే నెలలో, తొలకరికి ముందు, మడులు ఖాళీగా ఉన్నప్పుడు నేను మట్టి తీస్తాను. 2028కి సిమెంటు మూలను మళ్లీ విడిగా ఇవ్వాలని ఫైల్లో రాసి పెట్టుకున్నాను.