మెప్పు వంటింటి దాకా వెళ్లే టిఫిన్ సెంటర్
గుంటూరు బ్రాడీపేటలో మా సందు చివర ఉంటుంది. పెసరట్టు అంచులు కరకర, మధ్యలో ఉప్మా మెత్తగా. జీలకర్ర, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు పిసినారితనం లేకుండా వేస్తారు. అల్లం పచ్చడిలో బెల్లం ఒక పిసరు ఎక్కువే, నాకైతే అదే ఇష్టం. ఇడ్లీ మామూలే. సాంబారు సంగతి అడక్కండి.

అసలు చెప్పాల్సింది కౌంటర్లో కూర్చునే బాబాయ్ గురించి. "పచ్చడి బాగుంది బాబాయ్" అన్నామా, చిల్లర లెక్కపెట్టడం ఆపి మరీ లోపలికి కేకేస్తాడు: "అమ్మాయ్, నీ పచ్చడి బాగుందంట!" రుబ్బినావిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి ఎవరా అని చూస్తుంది. పొగడ్తని తన గల్లాపెట్టెలో వేసుకోని ఓనర్ని ఇక్కడే చూశా. బల్లలు తుడిచే కుర్రాడికీ ఇదే మర్యాద.

ఆదివారం ఎనిమిది దాటితే నిలబడే తినాలి. బండి మెయిన్ రోడ్డు మీదే పెట్టుకుని రండి.