నొదమే, ఉజాకి, హనీ అండ్ క్లోవర్: కాలేజీ ప్రేమ మాంగాల్లో ఏది ముందు చదవాలి?

మాంగాలో, అంటే జపాన్ కామిక్స్‌లో, ప్రేమకథ అనగానే చాలామందికి హైస్కూలు యూనిఫారాలే గుర్తొస్తాయి. కాలేజీ వయసు వాళ్ల కథలు వాటితో పోలిస్తే తక్కువే. నాకు మాత్రం అవే ఎక్కువ ఇష్టం. ఆ వయసులో గది అద్దె కట్టుకోవాలి, సాయంత్రం ఎక్కడో ఒకచోట పనికి వెళ్లాలి, చదువయ్యాక ఏం చేయాలో తేల్చుకోవాలి. ఇంట్లో వాళ్లు దగ్గర ఉండరు. అలాంటి సమయంలో ఏ మాత్రం పొత్తు కుదరని ఇద్దరు ఒకరి జీవితంలోకి ఒకరు వచ్చి పడితే పుట్టే నవ్వు వేరుగా ఉంటుంది.

సరదాగా ఉండాలి, కాలేజీ ఉండాలి, ప్రేమ ఉండాలి, దేంతో మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లకు నేను మూడు పేర్లు చెబుతాను. తకే గీసిన ‘ఉజాకి-చాన్ వా అసొబితాయ్!’, ఉమినో చికా ‘హనీ అండ్ క్లోవర్’, నినొమియా తొమొకో ‘నొదమే కాంటాబిలే’. మూడూ అచ్చంగా ఒకే రకం కావు, మూడూ ఒకే స్థాయిలోవి అని కూడా నేననుకోను. నేను చూసేది ప్రధానంగా ఒక్కటే: ఆ ఇద్దరి మధ్య తేడా తప్ప ఇంకేమైనా ఉందా? గయ్యాళి పిల్ల, ముంగి పిల్లాడు అన్న తేడా నాలుగు అధ్యాయాల దాకా నవ్విస్తుంది. ఆ తర్వాత కథ నిలబడాలంటే ఇద్దరూ కలిసి చేసే పని ఏదో ఒకటి ఉండాలి.

ముందు ఉజాకి సంగతి చూద్దాం, ఎందుకంటే మూడింటిలో చదవడానికి అన్నిటికన్నా తేలిక అదే. 2017 చివర్లో నికోనికో సైగా వేదిక మీద ఆన్‌లైన్‌లో మొదలైంది. సకురాయ్ షినిచీకి చూపు కాస్త కటువు, మాట తక్కువ. ఒక్కడే సినిమాకి వెళ్లడం, గదిలో ఒక్కడే గేమ్స్ ఆడుకోవడం అతనికి హాయి. హైస్కూల్లో ఈత క్లబ్‌లో అతనికి జూనియర్‌గా ఉన్న ఉజాకి హనా అదే కాలేజీలో చేరి, ‘సెన్‌పాయ్’ (సీనియర్) ఇలా ఏకాకిగా తిరగడం చూడలేక వెంటపడుతుంది. వెంటపడడమంటే పొద్దున్నుంచి రాత్రిదాకా ఏడిపించడమే. అతను అరుస్తాడు, ఆమె ఇంకాస్త ఏడిపిస్తుంది. నాలుగో పేజీకి ఇద్దరిలో ఎవరో ఒకరి మొహం ఎర్రబడుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది ఆ ఇద్దరికన్నా వాళ్లను చూసేవాళ్లు. సకురాయ్ పనిచేసే చిన్న కాఫీ హోటల్ యజమాని, ఆయన కూతురు ఆమి, స్నేహితుడు సకాకి. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి ఆ ఇద్దరికే తెలియకపోవడం మన పల్లెటూరి హాస్యంలో కూడా పాత విద్యే. కౌంటర్ వెనక నుంచి తండ్రీ కూతుళ్లు గమనిస్తూ మురిసిపోవడం చదువుతుంటే మనమూ వాళ్ల పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. ఉజాకి తల్లి సకురాయ్‌ని ప్రతిసారీ అపార్థం చేసుకునే సన్నివేశాలు నిజంగా నవ్విస్తాయి.

కానీ నేను చెప్పిన కొలత దగ్గర ఇది వెనకబడుతుంది. వాళ్ల మధ్య ఉన్నది హుషారులో తేడా మాత్రమే. ఇద్దరూ కలిసి కష్టపడే పని లేదు, ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉండి తీరాల్సిన అవసరం లేదు. అందుకే మూడు నాలుగు సంపుటాలు దాటేసరికి ఏ అధ్యాయం ఎక్కడ తేలుతుందో ముందే తెలిసిపోతుంది. పైగా ఉజాకి శరీరాకృతి మీద అదేపనిగా వచ్చే జోకులు నాకు కథకు అడ్డంగానే కనిపించాయి. 2019లో జపాన్ రెడ్‌క్రాస్ రక్తదానం పోస్టర్ మీద ఈ పాత్రను వేసినప్పుడు అక్కడ పెద్ద వాదనే జరిగింది. అటు ఇటు ఏ పక్షాన నిలబడినా, ఇంట్లో నలుగురి మధ్య తెరిచి చదువుకునే పుస్తకం కాదన్నది మాత్రం కొనేవాళ్లకు ముందే తెలియాలి. సకురాయ్ గురించి ఒక మంచి మాట చెప్పాలి. అంత చనువుగా తిరిగే అమ్మాయి దగ్గర అతను ఎక్కడా హద్దు దాటడు. ఆ మర్యాద వల్లే ఈ కథ మీద నాకు గౌరవం పోలేదు.

హనీ అండ్ క్లోవర్ దగ్గరికి వచ్చేసరికి గాలి మారిపోతుంది. ఇది 2000 నుంచి 2006 దాకా నడిచింది, మొత్తం పది సంపుటాలు. టోక్యోలో ఒక ఆర్ట్ కాలేజీ. దానికి పది నిమిషాల నడక దూరంలో పాతబడిన అద్దె భవనం, ఒక్కొక్కరికీ ఆరు చాపలు పట్టేంత గది, స్నానాల గది లేదు, అద్దె నెలకు 38 వేల యెన్లు. అందులో ఉండేవాళ్లలో ముఖ్యులు ముగ్గురు. తనకేం కావాలో తేల్చుకోలేని తకెమొతో, అన్నీ సవ్యంగా చేస్తూనే తన మనసు దగ్గర తప్పిపోయే మయమ, రోజుల తరబడి మాయమై డబ్బుతో తిరిగొచ్చి ఒళ్లెరగకుండా నిద్రపోయే, ఏళ్లు గడిచినా డిగ్రీ పూర్తికాని మొరిత. వీళ్ల మధ్యకు చిన్నపిల్లలా కనిపించే అద్భుతమైన చిత్రకారిణి హగుమి వస్తుంది. కుండలు చేసే యమద కూడా ఈ గుంపులోదే.

స్నేహితుల గుంపు విషయంలో దీన్ని మించింది నేను చదవలేదు. డబ్బుల్లేని రోజుల్లో తిండి కోసం పోట్లాట, హగుమి, యమద కలిసి వండే భయంకరమైన వంటకాలు, మొరిత చేసే ఆగడాలు చదివి గట్టిగా నవ్వుతాం. అంతలోనే పేజీ తిప్పితే తకెమొతో మనసులో మాట రెండు వాక్యాల్లో వచ్చి గొంతు పట్టేస్తుంది. యమదకు మయమ అంటే ప్రాణం, మయమకు తనకన్నా పెద్దదైన రికా అంటే ప్రాణం. తకెమొతో, మొరిత ఇద్దరూ హగుమిని ప్రేమిస్తారు. ఎవరి ప్రేమా సూటిగా చేరాల్సిన చోటుకు చేరదు. మధ్యలో తకెమొతో సైకిలెక్కి ఎక్కడికని తెలియకుండానే బయల్దేరి, తొక్కుకుంటూ తొక్కుకుంటూ జపాన్ ఉత్తరపు కొస, హొక్కాయిదోలోని సోయా అగ్రం దాకా వెళ్లిపోతాడు. చదువు అయిపోతోంది, ఉద్యోగం లేదు, చెప్పుకోడానికి ఏమీ లేదు అనుకునే ఏ కుర్రాడికైనా ఆ అధ్యాయాలు తన గురించే రాసినట్టుంటాయి. ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో క్యాంపస్ ఇంటర్వ్యూలన్నీ అయిపోయాక హాస్టల్లో మిగిలిపోయిన మన పిల్లలకు ఇదే పుస్తకం ఇస్తాను.

మరి ఇదే మొదటిది ఎందుకు కాదంటే, అడిగినవాళ్లు సరదాగా ఉండాలన్నారు కాబట్టి. ఇది నవ్వుతో మొదలై నెమ్మదిగా బరువెక్కే కథ. చివరి సంపుటాల్లో జరిగేది చాలామందికి మింగుడు పడదు. ముగింపు మీద చదివినవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు ఆ ముగింపు సరైనదే అనిపిస్తుంది. కానీ తేలికైన కథ కావాలని చేయి చాచినవారికి ముందుగా దీన్ని ఇవ్వడం న్యాయం కాదు.

ఇక నొదమే. 2001లో ‘కిస్’ పత్రికలో మొదలై 2009లో ప్రధాన కథ ముగిసింది. ఆపెరా మీద వచ్చిన అనుబంధ కథతో కలిపి 25 సంపుటాలు. 2004లో కొదాన్ష మాంగా అవార్డు అందుకుంది. హనీ అండ్ క్లోవర్‌కి అదే అవార్డు అంతకుముందు ఏడాది వచ్చింది. ఇద్దరు రచయిత్రులూ ఒకే కాలంలో, కాలేజీ చదువుల చుట్టూ, ఇంత వేర్వేరుగా రాయడం చూస్తే ముచ్చటేస్తుంది.

చియాకి షినిచీ సంగీత కళాశాలలో పియానో విద్యార్థి. అన్నట్టు ఉజాకి కథలోని అబ్బాయి పేరూ షినిచీయే. ఆ షినిచీ లోకాన్ని పట్టించుకోడు, ఈ షినిచీకి లోకంలో ఏదీ ఆనదు. శుభ్రత, క్రమశిక్షణ, పట్టుదల అన్నీ ఉన్నాయి. ఆర్కెస్ట్రా నడిపించే కండక్టర్ కావాలని, యూరప్ వెళ్లాలని కల. కానీ చిన్నప్పటి ప్రమాదాల వల్ల విమానమన్నా సముద్రమన్నా ఒళ్లు చల్లబడిపోతుంది. జపాన్ దాటి కదల్లేడు. దిగులుతో ఉన్న ఒక రాత్రి తాగి ఇంటి ముందు పడిపోతాడు. మెలకువ వచ్చేసరికి చెవిలో బీథోవెన్ ‘పథెటీక్’ సొనాటా, చుట్టూ చెత్త. పక్క వాటాలో ఉండే నొద మెగుమి, అందరూ నొదమే అని పిలిచే పిల్ల, ఆ చెత్తకుప్ప మధ్య పియానో వాయిస్తూ ఉంటుంది. ఆమె స్వరలిపి సరిగ్గా చదవదు, విన్నది విన్నట్టు తన ఇష్టానికి మార్చి వాయిస్తుంది. కిండర్‌గార్టెన్ టీచరు కావాలన్నదే ఆమె కోరిక.

చియాకి ఆ కంపు భరించలేక ఆమె ఇల్లు ఊడ్చిపెడతాడు, వండిపెడతాడు, విసుక్కుంటాడు, మళ్లీ వండిపెడతాడు. ఇంతవరకూ ఇదీ ఉజాకి లాంటి కథే. అసలు తేడా వాళ్ల మాస్టారు ఇద్దరినీ కూర్చోబెట్టి మొజార్ట్ రెండు పియానోల సొనాటా వాయించమన్నప్పుడు తెలుస్తుంది. రాసినట్టే వాయించాలన్నది చియాకి పట్టు. నొదమేకి అది చేతకాదు. చివరికి అతను తగ్గి, నువ్వు నీకు తోచినట్టు వాయించు, నేను నీ వెంట వస్తాను అనాల్సి వస్తుంది. తనకు లేని స్వేచ్ఛ ఏమిటో అతనికి ఆ పాటలో వినపడుతుంది. ఇంత క్రమశిక్షణతో వాయిస్తే సంగీతం ఎంత దూరం వెళ్లగలదో ఆమెకు అతని వల్ల తెలుస్తుంది. ప్రేమ అనే మాట ఎవరూ అనక ముందే ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని పడిపోయింది. నేను మొదట చెప్పిన కొలతకు నిండుగా సరిపోయే కథ మూడింటిలో ఇదొక్కటే.

చుట్టూ ఉన్న గుంపూ అంతే దట్టం. వయొలిన్‌ని రాక్ గిటార్‌లా వాయించాలనుకునే మినే, అతని తండ్రి నడిపే చైనా వంటల హోటల్, చియాకిని ప్రేమిస్తూ నొదమేని శత్రువుగా చూసే టింపనీ (ఆర్కెస్ట్రాలో వాడే పెద్ద డోళ్లు) వాద్యకారుడు మసుమి, పెద్ద పేరున్న జర్మన్ కండక్టర్ ష్ట్రేజెమాన్. ఆ ష్ట్రేజెమాన్ ఏరికోరి లెక్కలోకి రాని విద్యార్థులతో ఒక ఆర్కెస్ట్రా కడతాడు. కాలేజీ ఉత్సవంలో నొదమే ముంగిస వేషం వేసుకుని గెర్ష్విన్ ‘రాప్సొడీ ఇన్ బ్లూ’లో మెలోడికా (నోటితో ఊదుతూ మీటలు నొక్కే చిన్న వాద్యం) ఊదే ఘట్టం నవ్వుకీ సంగీతానికీ ఒకేసారి పండగ. అదే ఉత్సవంలో చియాకి రాఖ్మనినోవ్ రెండో పియానో కన్చెర్టో వాయిస్తాడు. అది విన్నాక నొదమే పరుగున వెళ్లి పియానో ముందు కూర్చునే పేజీల దగ్గర నేను ఎప్పుడు చదివినా ఆగిపోతాను.

లోపాలు లేవని కాదు. ష్ట్రేజెమాన్ ఆడపిల్లల వెంటపడడాన్ని హాస్యంగా చూపించడం ఇప్పుడు చదివితే ఇబ్బందిగా ఉంటుంది. చియాకి కోపంలో నొదమేని విసిరికొట్టే దృశ్యాలు కార్టూన్ ధోరణిలోనే ఉన్నా అన్నిసార్లు అక్కర్లేదు. బొమ్మలు కూడా ఉమినో బొమ్మలంత అందంగా ఉండవు, గీత పొదుపుగా ఉంటుంది. పాశ్చాత్య సంగీతం తెలియనివాళ్లకు మొదట్లో కాస్త బెరుకు కలగొచ్చు. దానికి నేను చెప్పే ఉపాయం తేలికైంది. కథలో ఏ పాట వస్తే ఆ పాటను ఫోన్‌లో పెట్టుకుని ఆ అధ్యాయం చదవండి. త్యాగరాజ కృతినైనా పాడేవాళ్లను బట్టి వేరుగా వింటాం కదా, చియాకి, నొదమేల తగవు కూడా దాని గురించే. ఆ తగవు అర్థం కావడానికి శాస్త్రం అక్కర్లేదు.

తెరమీద చూడాలనుకుంటే నొదమేకి 2006లో ఉఎనో జూరి, తమకి హిరోషి నటించిన టీవీ సీరియల్ ఉంది, బీథోవెన్ ఏడో సింఫనీతో మొదలవుతుంది. 2007 నుంచి అనిమే (జపాన్ యానిమేషన్ సీరియల్) వచ్చింది. సంగీతం వినపడుతుంది కాబట్టి ఈ కథను ముందు చూసి తర్వాత చదివినా నష్టం లేదు. హనీ అండ్ క్లోవర్ అనిమే 2005లో, 2006లో రెండు భాగాలుగా వచ్చింది. అది చూసినా చదివినా ఒకటే. ఉజాకి అనిమే 2020లో ఒకసారి, 2022లో మరోసారి వచ్చింది. మాంగాలో పునరుక్తి అనిపించినవి గొంతులు తోడయ్యేసరికి కాస్త హుషారుగానే సాగుతాయి.

అల్లరి తక్కువ, ఆప్యాయత ఎక్కువ కావాలనుకునేవాళ్లకు నాలుగో పేరొకటి ఉంది. 2019లో మొదలైన మొరిషిత సూ ‘యుబిసాకి తో రెన్‌రెన్’. పుట్టుకతోనే వినికిడి లేని కాలేజీ అమ్మాయి యుకి, దేశాలు తిరుగుతూ భాషలు నేర్చుకునే సీనియర్ ఇత్సుఒమి. రైల్లో ఒక విదేశీయుడు దారి అడిగితే యుకి తడబడుతుంది, అప్పుడు ఇత్సుఒమి సాయం చేస్తాడు. అక్కడి నుంచి ఆమె వాడే సంజ్ఞా భాషను నేర్చుకోవడం అతని పనవుతుంది. కడుపుబ్బ నవ్వించదు గానీ నా కొలతకు ఇదీ నిలుస్తుంది.

ఈ మాంగాలు మన దగ్గర ఎక్కువగా ఇంగ్లీషులోనే చదవాలి. నొదమే ఇంగ్లీషు అచ్చు పుస్తకాలు పదహారో సంపుటంతో ఆగిపోయాయి, మిగతాది డిజిటల్‌గా దొరుకుతుంది. అందుకని పాత అచ్చు ప్రతుల కోసం వెతికి డబ్బు తగలేయకుండా మొదటినుంచీ డిజిటల్‌గా కొనడం మంచిది. 25 సంపుటాలని భయపడేవాళ్లు మొదటి తొమ్మిది చదవండి. జపాన్‌లోని కాలేజీ కథ అక్కడికి ఒక చక్కటి మలుపు దగ్గర ఆగుతుంది, పదో సంపుటం నుంచి కథ పారిస్‌కి మారుతుంది. ఆ తొమ్మిదీ అయ్యాక ఆగగలిగితే ఆగి, హనీ అండ్ క్లోవర్ పట్టుకోండి. రాత్రి పడుకునే ముందు రెండేసి అధ్యాయాలు చాలనుకునేవాళ్లు మాత్రం నేరుగా ఉజాకి దగ్గరికే వెళ్లొచ్చు.