ఐదేళ్ళకే 121 సెంటీమీటర్లు: మావాడితో వాటర్ పార్కుకి వెళ్ళొచ్చాం

పార్కు పేరు మాత్రం రాయను, అడగొద్దు. పేరు రాసి తిట్టేంత ఘోరమేమీ జరగలేదు, అలాగని పేరు రాసి పొగిడేంతా లేదు. తెల్లారగట్ల అంబాజీపేటలో బయల్దేరి రావులపాలెంలో ఎక్స్‌ప్రెస్ బస్సు అందుకుంటే పదింటికల్లా గేటు దగ్గరుంటాం, అంత దూరం అనుకోండి. దసరా సెలవుల్లో వెళ్ళాం. నేను, మా ఆయన, మావాడు, మా అక్క కూతురు.

మావాడికి ఐదేళ్ళ రెండు నెలలు, ఎత్తు 121 సెంటీమీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో ఐదేళ్ళ మగపిల్లాడి ఎత్తు మధ్యస్థంగా 110 సెంటీమీటర్లు, 121 అంటే దాదాపు ఏడేళ్ళ పిల్లాడంత. మా మావగారిది ఆరడుగులు, మా ఆయన ఆయన్ని కూడా ఒక అంగుళం దాటేశారు, కాబట్టి ఇందులో వింతేమీ లేదు. వాళ్ళ మామ్మ మాత్రం ఆదివారం వచ్చిందంటే ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తుంది. దిష్టి సంగతి ఎలా ఉన్నా, జనం నోళ్ళకి మందు లేదు. "ఏ క్లాసు నాన్నా?" అంటారు, వీడు "యూకేజీ" అంటాడు, అప్పుడు నావైపు తిరిగి గొంతు తగ్గించి "ఏవండీ, చదువు సరిగ్గా రావట్లేదాండీ?" అని జాలిపడతారు.

అక్క కూతురికి ఎనిమిదేళ్ళు, 118 సెంటీమీటర్లు. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, ఆ రోజు గొడవంతా ఈ మూడు సెంటీమీటర్ల దగ్గరే.

బస్సులో ఏ ఇబ్బందీ లేదు. ఆడవాళ్ళకి ఉచిత బస్సు ప్రయాణం పథకం, అదే స్త్రీశక్తి, వచ్చాక నాకూ పిల్లకీ జీరో టికెట్టే, మా ఆయనకి ఫుల్లు, మావాడికి హాఫ్. ఐదు నుంచి పన్నెండేళ్ళ దాకా హాఫే కాబట్టి చూడ్డానికి ఏడేళ్ళవాడిలా ఉన్నా తేడా రాదు. పోయినేడాది నాలుగేళ్ళప్పుడు మాత్రం ప్రతి బస్సులోనూ వాదనే, టికెట్టు అక్కర్లేదని చెప్తే కండక్టరు నవ్వేసేవాడు. ఆయన్ని అనడానికీ లేదు. రైళ్ళలోనూ ఐదు నిండేదాకా టికెట్టు అక్కర్లేదు కాబట్టి, నాలుగేళ్ళ దగ్గరే రెండు మూడేళ్ళు ఆగిపోయిన పిల్లల్ని మనం ఎంతమందిని చూడలేదు.

అందుకే పార్కులవాళ్ళు వయసు అడగడం మానేసి ఎత్తు కొలుస్తారు. హైదరాబాద్ వండర్‌లాలోనూ టికెట్టు ఎత్తుని బట్టే. గోడకి గీసిన గీత అబద్ధం చెప్పదు, క్యూ కూడా చకచకా కదులుతుంది. ఈ పద్ధతిని నేను తప్పుపట్టను. తప్పుపట్టేది గీత ఎక్కడ గీశారన్నదాన్ని. ఈ పార్కులో 120 దాటితే పెద్దల టికెట్టు, 900 రూపాయలు. దాటకపోతే పిల్లల టికెట్టు, 650. అంటే ఎనిమిదేళ్ళ పిల్లకి పిల్లల టికెట్టూ, ఐదేళ్ళ పిల్లాడికి పెద్దల టికెట్టూ కొన్నాం. అదే గీత 140 దగ్గర ఉంటే సామాన్యంగా పదేళ్ళు దాటితే గాని ఆ ఎత్తు రారు, మావాడు ఎంత పొడుగైనా ఇంకొన్నేళ్ళు ఢోకా ఉండదు. వెళ్ళేముందు ఆ పార్కు వెబ్‌సైట్‌లో ఎత్తు లెక్క ఒక్కసారి చూసుకోండి, ఇంట్లో గోడకి ఆనించి కొలుచుకుని మరీ వెళ్ళండి. చెప్పులు విప్పించి కొలవమని అడగండి. మావాడికి మొదట బూట్లతో కొలిస్తే 123 వచ్చింది.

ఆధార్ చూపించాను. అది ఇంకా చిన్నపిల్లలకిచ్చే నీలం కార్డే. ఐదు నిండాయి కదా, వేలిముద్రలు ఇప్పించి మార్పించాలి, రేపు రేపు అంటూ వెళ్ళలేదు. అందులో ఫోటో ఎనిమిదో నెలది, బోడిగుండు, పెద్ద బొట్టు, చంకలో పట్టుకున్న చెయ్యి నాదే. కౌంటర్లో కుర్రాడు కార్డు చూశాడు, మావాణ్ణి చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. "మేడమ్, వయసు కాదండి, మాది ఎత్తండి" అని చాలా మర్యాదగా 900 తీసుకున్నాడు. మా ఆయన పక్కనుంచి "పోనీ వచ్చే ఏడు తీసుకొస్తే వీడికి సీనియర్ సిటిజన్ రాయితీ ఏమైనా ఇస్తారా" అన్నారు. కుర్రాడికి అర్థం కాలేదు, మనవైపువాడు కాదేమో పాపం.

లోపల నైలాన్ బట్టలు తప్పనిసరి, కాటన్‌తో నీళ్ళలోకి దిగనివ్వరు. కాటన్ బట్టల పోగులు ఊడి నీళ్ళు శుభ్రం చేసే ఫిల్టర్లకి అడ్డం పడతాయని, తడిస్తే బరువెక్కిపోతాయని. అద్దెకిస్తారు గానీ ఇంటి దగ్గర్నుంచే తీసుకెళ్ళండి, ఎందుకంటే అద్దె బట్టల్లో ఐదేళ్ళ సైజుంది, పదేళ్ళ సైజుంది, మావాడికి మొదటిది పట్టదు, రెండోది నిలవదు. లాకరుకి డిపాజిట్ కట్టాలి, సాయంత్రం తిరిగిచ్చేశారు, పేచీ ఏమీ లేదు. బయటి తిండి రానివ్వరు. నేను కట్టుకెళ్ళిన పులిహోర గేటు బయట చెట్టుకింద నిలబడే తినేశాం, లోపల భోజనం పరవాలేదు, సాంబారు మాత్రం నీళ్ళ రైడుల్లోంచి ముంచుకొచ్చినట్టుంది.

ఇక అసలు సంగతి. పిల్లల వైపు చిన్న రైలు, బుల్లి కార్లు, గుండ్రంగా తిరిగే బాతులు ఉన్నాయి. మావాడు రైలు చూడగానే పరిగెత్తాడు. అక్కడ బోర్డు మీద 120 సెంటీమీటర్ల లోపు అని ఉంది. పొడుగుపిల్లలకి మోకాళ్ళు ముందు సీటుకి తగులుతాయి కాబట్టి ఆ హద్దు. సరే అని పెద్ద రైడుల వైపు వెళ్తే అక్కడ 120 పైన. అంటే కాగితం ప్రకారం మావాడు ఐదేళ్ళకే పడవ ఊయల ఎక్కొచ్చు, బాతు ఎక్కకూడదు.

అక్క కూతురేమో ఆ పడవ కోసమే వచ్చింది. అంతర్వేది తీర్థంలో జెయింట్ వీల్ మీద చేతులు పైకెత్తి కేకలేసే రకం అది. గీత దగ్గర నిలబడింది, రెండు సెంటీమీటర్లు తక్కువ. జుట్టు పైకి లాగి ముడేసుకుని మళ్ళీ నిలబడింది. ఆపరేటరు అరచెయ్యి నెత్తిమీద నొక్కి, లేదమ్మా అన్నాడు. ఇక్కడ ఆ అబ్బాయిదే సరైన పని అంటాను. ఒళ్ళో పడే ఆ ఇనుపకడ్డీ ఒక కొలతకి చేసింది, అంతకంటే చిన్న ఒళ్ళయితే మధ్యలో సందు ఉండిపోతుంది, పిల్ల జారిపోవచ్చు. మనం బతిమాలకూడదు, వాళ్ళు కరగకూడదు. పిల్ల ఏడ్చింది, ఏడవనీయండి.

కానీ తర్వాత అదే అబ్బాయి మావాణ్ణి చూసి "నువ్వు రా బాబు, నీకు ఓకే" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు. వీడు నా చున్నీ పట్టుకుని వెనక్కి. "ఇంత పెద్దోడివి, భయమేంట్రా, చెల్లెలు చూడు ఎంత ధైర్యంగా ఉందో" అన్నాడు. చెల్లెలు! ఎనిమిదేళ్ళ అక్కని పట్టుకుని. ఏడుస్తున్న పిల్ల ఏడుపు ఆపి "నేను వాడికి అక్కని" అని అరిచింది. లైనులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మావాడు మాత్రం ఆ నవ్వు తనని చూసే అనుకున్నాడు, మొహం దించేశాడు. అప్పుడు నాకు కాలింది. గీత దాటితే ఎక్కొచ్చు అంటే ఎక్కి తీరాలని కాదు కదండీ. ఒంటిని కొలిచే గీత అది, గుండెని కొలిచేది కాదు. వీడు రాత్రి ఫ్యాను చప్పుడు మారితే లేచి నా పక్కకి వచ్చి పడుకునే పిల్లాడు.

వేవ్ పూల్ దగ్గర ఇంకొకటి తెలిసింది. నాలుగడుగుల లోతు దాకా వెళ్ళొచ్చని చెప్పి గార్డు మావాణ్ణి ముందుకి పంపుతున్నాడు. నాలుగడుగులంటే 122 సెంటీమీటర్లు, వీడి నెత్తి నీళ్ళపైన కనబడదు. అడిగితే "మీ బాబు పెద్దాడే కదండీ, ఈత వచ్చనుకున్నా" అన్నాడు. ఊరి కాలవ గట్టున పుట్టిన పిల్లలందరికీ ఈత వచ్చేస్తుందని అనుకుంటారేమో. లైఫ్ జాకెట్ అడిగి తీసుకున్నాం, అది బరువుని బట్టి చూసి ఇస్తారు, ఉచితమే. పొడుగ్గా ఉన్న పిల్లల్ని నీళ్ళలో పెద్దవాళ్ళు ఇట్టే వదిలేస్తారు, అది మాత్రం కాస్త గమనించుకోండి.

బట్టలు మార్చుకునే గది దగ్గర ఆయమ్మ ఆపేసింది. "ఇంత మగపిల్లాణ్ణి ఆడవాళ్ళ గదిలోకి తెస్తావేటమ్మా?" మా ఆయన లాకరు లైనులో ఉన్నారు. యూకేజీ అని చెప్తే ఆవిడ నమ్మలేదు, మావాడే బొత్తాలు పెట్టుకోవడం రాదని తన చొక్కా చూపించాడు, బొత్తాలన్నీ ఒక కాజా తేడాలో ఉన్నాయి. ఆవిడ నవ్వి వదిలేసింది. కానీ లోపలున్న ఆడవాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందన్న మాటా నిజమే, వాళ్ళ తప్పూ లేదు. ఇలాంటి పార్కులకి కుటుంబాల కోసం విడిగా ఒక గది కట్టడం పెద్ద ఖర్చేమీ కాదు.

అన్నిటికంటే భయపడింది మూడింటికి. రెయిన్ డ్యాన్స్‌లో పాట మారేలోపు మావాడు కనిపించలేదు. గార్డు దగ్గరికి పరిగెత్తి "ఐదేళ్ళ బాబు, ఐదేళ్ళ బాబు" అని అరిచాను. వాళ్ళు వాకీటాకీలో అదే చెప్పారు, నలుగురు గార్డులు బుడతల పూల్ చుట్టూ, బాతుల చుట్టూ వెతుకుతున్నారు, ఒకాయన చంకలో ఎవరి పిల్లాణ్ణో ఎత్తుకొచ్చి వీడేనా అని చూపించాడు కూడా. మావాడు పది అడుగుల దూరంలో ఐస్‌క్రీం బండి పక్కన నిలబడి ఉన్నాడు, ఒక గార్డు వాడి పక్కనుంచే వెళ్ళిపోయాడట. పట్టుమని ఆరు నిమిషాలు పట్టిందేమో, నాకు మోకాళ్ళు ఇప్పటికీ వణుకుతున్నాయి. తప్పు నాదే. మీ పిల్లాడు పొడుగైతే వయసు చెప్పకండి. "చూడ్డానికి ఏడెనిమిదేళ్ళలా ఉంటాడు, నారింజ టీషర్టు, నా భుజం దాకా వస్తాడు" అని చెప్పండి. పొద్దున్నే ఒక ఫోటో తీసి ఉంచుకోండి, ఆ రోజు బట్టలతో. చేతిమీద ఫోన్ నంబరు పెన్నుతో రాశాను, నీళ్ళలో మొదటి అరగంటకే పోయింది.

ఇక మంచి చెప్పకపోతే అన్యాయం. లేజీ రివర్ బాగుంది, ట్యూబులో పడుకుంటే మన కాలవలో అరటిబోదె మీద తేలినట్టే ఉంది, పిల్లలిద్దరూ ఒకే ట్యూబులో ఆరుసార్లు తిరిగారు, అక్కడ ఎవరి ఎత్తూ ఎవరికీ పట్టలేదు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి. గార్డులు కుర్రాళ్ళే అయినా ఈలలు ఊది ఊది నీళ్ళలో తోపులాటలు ఆపారు.

సాయంత్రం నాలుగున్నరకి చివరిసారి ఆ చిన్న రైలు దగ్గరికి వెళ్ళాం. ఈసారి మావాడు గీత దగ్గరికి వెళ్ళి, నావైపు చూడకుండా, నెమ్మదిగా మోకాళ్ళు వంచాడు. ఎవరు నేర్పారో తెలీదు. ఆపరేటరు పెద్దాయన, మా నాన్న వయసుంటుంది. వీడి మోకాళ్ళు చూశాడు, రైల్లో ఖాళీ సీట్లు చూశాడు. "ఏ క్లాసురా?" అన్నాడు. "యూకేజీ." "అక్షరాలొచ్చా?" "అ నుంచి అః దాకా." "చివరి పెట్టెలో కూచో, ముందు సీటు లేదక్కడ, కాళ్ళు బయటికి పెట్టకు" అన్నాడు. రూలు ప్రకారం తప్పేనేమో. రైలు నడిచి వెళ్ళేవాళ్ళకంటే నెమ్మదిగా వెళ్తుంది. మూడు చుట్లు తిప్పాడు.

అయిదుకి మూడు ఇస్తాను, ఆ మూడులో ఒకటి రైలు పెద్దాయనది. పొడుగుపిల్లాడైతే ఆరేళ్ళు దాటేదాకా ఆగి వెళ్ళండి, లేదా 900 పోయాయనుకుని లేజీ రివర్ కోసం వెళ్ళండి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మావాడు నా ఒళ్ళో నిద్రపోయాడు, కాళ్ళు పక్క సీటు దాటి నడవలోకి వచ్చేశాయి. అక్క కూతురు రావులపాలెం దాకా ఒకటే అడుగుతోంది, రెండు సెంటీమీటర్లు పెరగడానికి ఎన్ని రోజులు పడుతుంది పిన్నీ అని.